అత్తర్‌సింగ్ అడగని మాట

అత్తర్‌సింగ్ అన్నను దొంగ అనేటోళ్లు ఓసారి నా ముందలికొచ్చి అనుండ్రి, చెప్త వాళ్ల సంగతి. నా పేరు యశోద. పదిహేనేండ్ల సంది బస్సు డిపో గోడ పక్కన నా కుట్టుమిషన్, ఆయన తాళాలు బాగుచేసే డబ్బా కొట్టు పక్కపక్కనే ఉన్నయి. సర్దార్ అయితేంది? పుట్టింది ఈ ఇబ్రహీంపట్నంలనే, మాట్లాడేది మన మాటే.

తెల్లారకముందే సన్నీళ్ల స్నానం చేసి, వాళ్ల గురువు చెప్పిన జప్‌జీ ప్రార్థన చదువుకుంటడు. పుట్టినకాడికెల్లి కత్తెర తగలని జుట్టును చెక్క దువ్వెనతోని దువ్వి, పగిడీ చుట్టుకొని వస్తడు. చేతికి ఇనుప కడెం. "ఎండకాలం గంత జుట్టుతోని ఎట్ల సస్తున్నవే అన్నా?" అని ఏడిపిస్తే, "దేవుడిచ్చింది ఇచ్చినట్లే ఉంచుకుంటున్న చెల్లే" అని నవ్వుతడు. పగటిపూట టిఫిన్ విప్పితే, పక్కన ఎవరున్నా ఓ రొట్టె పెట్టందే తినడు. "దేవుని పేరు తలుసుకోవాలె, నిజాయితీగ కష్టం చెయ్యాలె, పంచుకొని తినాలె. మా గురువు చెప్పినవి గీ మూడే" అంటడు.

ఆయన పనికి ఒక పద్ధతున్నది. ఎవరింటి తాళం తియ్యాలన్నా, ముందుగాల వాడకట్టోళ్లను పిలిచి "ఈ ఇల్లు ఎవరిది?" అని అడుగుతడు. వాళ్లు చెప్తేనే తాళంల తీగ పెడ్తడు. పిలిచినోడు ఎంత తిట్టినా ఇనడు.

పోయిన కార్తీక పున్నం నాడు మాత్రం అడగలేదు. ఆ రోజు నానక్ గురువు పుట్టిన దినం. పట్నంల గురుద్వారాకు ఎవరొచ్చినా ఒకే వరుసల కూసోబెట్టి అన్నం పెడ్తరు. దానికి రొట్టెలు చెయ్య పోవాలని బస్సు కోసం ఉరుకుతున్నడు. గప్పుడే లింగం వచ్చి, "ఇంటి తాళంచెవి పోయింది సర్దార్, జర జల్ది" అన్నడు. అన్న పోయి తాళం తీసి, కొత్తది పెట్టి, పాతది సంచిల ఏసుకొని బస్సెక్కిండు.

ఆ ఇల్లు లింగంది కాదు, వాని వదిన సుక్కమ్మది. మా వాడకట్టే. మొగడు సచ్చిపోయినంక కూలికి పోయి బతుకుతున్నది. మంచాల ఊర్ల ఉన్న అక్కకు జరమొస్తే నాలుగొద్దులు పోయొచ్చింది. వచ్చేసరికి సామానంత అరుగు మీద పడున్నది. "నువ్వే తాళంచెవి నా చేతుల పెట్టి ఇల్లు ఇడిసిపోయినవ్ గద" అన్నడు లింగం. ఎంత బద్మాష్‌గాడో సూడుండ్రి! మేమంతా ఇన్నం. వానికి భయపడి ఒక్కరం నోరు తెరవలె.

సంగతి తెలిసి అన్న మొఖం నల్లబడ్డది. రొట్టెలు పట్టుకపోతే, "నా ఇంటి తాళం తీసిన చేతులతోని పెట్టే తిండి నాకొద్దు, పో" అన్నది సుక్కమ్మ. ఆ రొట్టెలు ముందట పెట్టుకొని డబ్బాల కూసొని ఏడ్చిండు. "దేవుని సేవకని ఉరికిన చెల్లే. ఒక్క మాట అడిగే ఓపిక లేకపాయె. గదేం సేవ?" అన్నడు. నేనేమో, "సప్పుడు చెయ్యకుండ ఉండన్నా, స్టేషన్‌కు పోతే కేసు నీ మీదికే వస్తది" అన్న. తలుసుకుంటే నా మీద నాకే సిగ్గు.

మర్నాడు సుక్కమ్మను ఎంటబెట్టుకొని స్టేషన్‌కు పోయిండు. లింగాన్ని పిలిపిస్తే వాడు మళ్లీ అదే అబద్ధం చెప్పిండు. అన్న సంచిలకెల్లి పాత తాళం తీసి ఎస్సై బల్ల మీద పెట్టిండు. "తీసింది నేనే సార్, తాళంచెవి లేకుంట తీగతోని తీసిన. ముందు నా పేరు రాయుండ్రి" అన్నడు. సుక్కమ్మ కొంగు ముడి విప్పి, తన తాళంచెవి ఆ పాత తాళంల పెట్టి తిప్పింది. తాళం టక్కున తెరుసుకున్నది. లింగం అబద్ధం బయటపడ్డది.

ఇల్లు ఆమెకు ఇప్పించిండ్రు. కేసుల లింగం పేరు కింద అన్న పేరు గూడ ఎక్కింది. ఇప్పటికీ కోర్టుకు తిరుగుతున్నడు. సగం గిరాకీ పోయింది. దొంగ సర్దార్ అని పిల్లలు గూడ అంటుంటే నా కడుపు మండుతది.

ఆ దినం స్టేషన్‌కాడికెల్లి వచ్చినంక లింగం కొత్త తాళంచెవి ఇయ్యలె, వాడు పెట్టించిన తాళం తీసే పని అన్నకే పడ్డది. పోలీసాయన "తియ్యవయ్యా" అన్నా మెట్టెక్కలేదు. వాకిట్ల నిలబడి, "ఈ ఇల్లు ఎవరిది?" అని గట్టిగ అడిగిండు. లింగం ఎదురుంగ నిలబడి అందరి మొఖాలు సూస్తున్నడు. వాడకట్టోళ్లమంత ఎనుకకు జరిగినం. "నాది" అన్నది సుక్కమ్మ.

"నిన్ను అడుగుతలేనమ్మా, వాడకట్టును అడుగుతున్న" అన్నడు అన్న.

నేను ముందలికొచ్చి, "సుక్కమ్మది!" అని అరిసిన. నా ఎనుక పక్కింటి నాగయ్య అన్నడు, ఆ ఎనుక ఇంకెవరో అన్నరు. గప్పుడు అన్న కండ్లు తుడుసుకొని, వంగి తాళంల తీగ పెట్టిండు.