ఈశాన్యం గోడలో తీగలు

ఇల్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు నా భార్య కోరింది ఒక్కటే. వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవలసిన అవసరం లేని ఇల్లు కావాలంది.

ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చి పదేళ్ళు దాటింది. చెవికి మిషను పెట్టుకుంటే ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి మాట అందుతుంది. గది అవతల మోగే గంట అందదు. నేనేమో సభలకూ చర్చలకూ ఊళ్ళు తిరిగే మనిషిని. నేను లేని రోజున అద్దె ఇంట్లో ఆమె తలుపు తీసిపెట్టి, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కూరగాయలు అక్కడే తరుక్కుని, పుస్తకం అక్కడే చదువుకుని, వచ్చేవాళ్ళ కోసం కాపలా కాసేది. ఒకసారి ఆమె తలుపు వేసి స్నానానికి వెళ్ళిన సమయంలోనే చిన్ననాటి స్నేహితురాలు బోగోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. గంట నొక్కి నొక్కి, ఎండలో నిలబడి, ఇంట్లో ఎవరూ లేరనుకుని తిరిగి వెళ్ళిపోయింది. ఫోనులో ఆ సంగతి చదువుకున్న రోజు మా ఆవిడ అన్నం ముట్టలేదు.

అందుకే తోటపల్లి గూడూరు వైపు, రొయ్యల గుంటలకు ఇవతల, మా స్థలంలో గోడలు లేచేసరికి నా ధ్యాసంతా ఒక గంట మీదే ఉంది. బయట మీట నొక్కితే లోపల ప్రతి గదిలోనూ దీపం రెండుసార్లు వెలిగి ఆరాలి. వంటింట్లో, పడకగదిలో, స్నానాల గదిలో, పెరటి వసారాలో కూడా. ఫోనుతో ఫ్యాను తిప్పడం, కర్టెన్లు జరపడం లాంటివి నాకు అక్కర్లేదు. ఈ ఒక్కటి జరిగితే చాలు.

దానికి తగిన మనిషి దొరికాడు. సముద్రంలో చేపల వేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టి, కరెంటు పని నేర్చుకుని, నెల్లూరులో కొత్త తరహా ఇళ్ళకు వైరింగ్ చేస్తున్న నలభై ఏళ్ళ వైర్‌మన్. నన్ను సార్ అనేవాడు, మా ఆవిడను అక్కా అనేవాడు. ఆమెతో మాట్లాడేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఎదురుగా వచ్చి, నోరు కనబడేలా నిలబడి మాట్లాడేవాడు. ఆ అలవాటు నాకు పట్టుబడడానికి మూడేళ్ళు పట్టింది.

రోజూ పొద్దున్నే స్థలానికి వెళ్ళేవాళ్ళం. నేను అతని వెనకే తిరుగుతూ ప్రశ్నలు వేసేవాణ్ణి.

"ఈ నల్ల వైరు ప్రతి స్విచ్చి బోర్డుకీ లాగుతున్నావు. పాత ఇళ్ళలో ఇది ఉండేది కాదే?"

"పాత స్విచ్చి మొద్దుది సార్. నొక్కితే వెలగతాది, నొక్కితే ఆరతాది, అంతే. ఇది అట్టా కాదు. లైటు ఆరిపోయినా ఇది మేలుకోనే ఉండాల, పిలిస్తే పలకాల. మేలుకోని ఉండాలంటే కూడు పెట్టాల గదా? ఆ కూడు ఈ నల్ల వైరులో వస్తాది."

ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు. చీకటిగా ఉన్న గదిలో, ఆరిపోయిన దీపం పక్కన, ఎవరైనా పిలుస్తారేమోనని చిటికెడు కరెంటు తింటూ మేలుకుని ఉన్న ఒక స్విచ్చి! నా చిన్నతనంలో స్విచ్చి అంటే కరెంటుకు అడ్డం వేసే గడియ. ఇప్పుడది వింటోంది. ఏ మంత్రమూ లేకుండా, ఏ దేవుడికీ మొక్కకుండా వింటోంది.

"మరి కరెంటు వైరూ నెట్ వైరూ ఒకే పైపులో ఎందుకు వెయ్యవు?"

"పక్కన మైకు సెట్టు అరస్తా ఉంటే అక్క మాట మీకు ఇనపడతాదా? ఇదీ అంతే సార్. మెల్లంగా మాట్లాడుకునే వైరుని దూరంగా పెట్టాల."

ఇంకొకటి నన్ను బాగా ఆకట్టుకుంది. తీగ లాగిన ప్రతి పైపులోనూ అతను ఒక నైలాన్ దారం కూడా వదిలిపెట్టేవాడు. వలలు అల్లే దారం. దాని రెండు కొసలకూ వలకు వేసే ముడే వేసేవాడు. రేపు మరో తీగ కావలసి వస్తే దీనికి కట్టి అవతలి కొస నుంచి లాగుతారట, గోడ పగలగొట్టే పని లేకుండా.

"ఇది ఎవరు నేర్పారు?"

"ఎవురూ నేర్పలా. ఇంట్లో వల దారం కండెలు కండెలుగా పడుండాది. ఊరికే పడుందని మా నాయన తిట్టినాడు, నేను పైపులో తోసినా."

మా ఆవిడ ఇటుకల మీద కూర్చుని అతని చేతులు చూసేది. మాటలు అందని మనిషికి చేతులు చదవడం వస్తుంది. ఏ పైపు ఎటు పోతున్నదో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఇక డబ్బా సంగతి. అన్ని గదుల నుంచీ వచ్చే తీగలు ఒకచోట చేరాలి. గంట నొక్కిన కబురు అందుకుని దీపాలకు చెప్పే యంత్రం ఉండేది అక్కడే. గోడలో ఒక లోహపు డబ్బా దించి దాన్ని అమర్చాలి. ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో నేను ముందే నిర్ణయించాను. ఈశాన్యం మూలలో.

కారణం చెబుతాను. స్థలం కొన్న రోజు నుంచి మేస్త్రీ మొదలు పాలు తెచ్చే ఆమె దాకా నాకు వాస్తు చెప్పని మనిషి లేడు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదట, కరెంటు సామాను ఆగ్నేయంలోనే ఉండాలట. ముప్పై ఏళ్ళు వేదికలెక్కి ఈ దిక్కుల వ్యాపారాన్ని ఉతికి ఆరేసిన నేను, నా సొంత ఇంట్లో దానికి తల వంచుతానా? అగ్నిని ఈశాన్యంలోనే పెట్టి చూపిస్తాననుకున్నాను. ఇంటర్నెట్ తీగ వచ్చే స్తంభం కూడా అటే ఉంది గనక నా పంతానికి ఒక సాంకేతిక కారణం కూడా దొరికింది.

గోడకు గుర్తు పెట్టగానే వైర్‌మన్ సుత్తి కింద పెట్టాడు.

"ఆ మూల పెట్టబాకండి సార్. ఈశాన్యం గోడ, దానికీ..."

ఆ తర్వాతి మాట నేను రానివ్వలేదు. దిక్కులకు శుభాశుభాలు ఎవరు అంటగట్టారో, ఎవరి పొట్ట నిండడానికి అంటగట్టారో, భూమి గుండ్రంగా తిరుగుతుంటే మూలకు మహిమ ఎక్కడి నుంచి వస్తుందో అంతా చెప్పాను. మేస్త్రీ తాపీ పక్కన పెట్టి విన్నాడు. సిమెంటు కలిపే ఆడవాళ్ళు బొచ్చెలు దించి విన్నారు.

"బలే చెప్పినారు సార్," అన్నాడు మేస్త్రీ. "ఈలోగా కలిపిన మాలు గట్టిపడిపాయ."

వైర్‌మన్ మాత్రం నవ్వలేదు. "సరే సార్. ఇల్లు మీది," అని సుత్తి తీసుకున్నాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మెట్ల కింద, ఇంటి నడిమి గోడలో, ఇంకో డబ్బా దించి మూత బిగిస్తుంటే అడిగాను, ఇదెందుకని. "దూరం ఎక్కువ గదా సార్, తీగలన్నీ ఈడికొచ్చి ఆ మూలకి పోతాయి. లాగేదానికి సులువు," అన్నాడు. నేను తలూపాను.

ప్లాస్టరింగ్ అయింది, రంగులు పడ్డాయి. ముహూర్తం చూడకుండా ఒక మంగళవారం ఇంట్లో దిగాం. నేను బయట నిలబడి గంట నొక్కాను. వంటింట్లో దీపం రెండుసార్లు కొట్టుకుంది. ఆమె పరుగున వచ్చి తలుపు తీసి, నన్ను లోపలికి రానివ్వకుండా, "మళ్ళా నొక్కండి," అని ఈసారి పెరట్లోకి వెళ్ళింది. అలా ఎన్నిసార్లు నొక్కించిందో! ఆ సాయంత్రమే బోగోలు స్నేహితురాలికి కబురు పంపింది. వానలు తగ్గిన మొదటి ఆదివారం వస్తానని జవాబు వచ్చింది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు సముద్రం మీది నుంచి వాన అడ్డంగా కొట్టింది. శుక్రవారం తెరిపిచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి గంట నొక్కాను. ఏ గదిలోనూ దీపం కదల్లేదు.

డబ్బా తెరిచాను. లోపలి గోడ చెమట పట్టినట్టు తడిసి ఉంది. తీగలు బిగించిన ఇత్తడి మరల మీద పచ్చగా చిలుం. నేను వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వీధి తలుపు ఎదురుగా వేస్తోంది.

శనివారం పొద్దున వైర్‌మన్ వచ్చాడు. డబ్బాలో వేలు పెట్టి, ఆ తడి నాలుకకు రాసుకుని, "ఉప్పు," అన్నాడు.

"ఏమైంది?"

"వాన యాడనించి కొడతాది సార్ మనకి? ఈ మూల నించే గదా. బయటి గోడ, డబ్బా కోసం చెక్కితే ఎనకాల మిగిలింది నాలుగు వేళ్ళ మందం ఇటుక. ఉప్పు గాలి, ఉప్పు వాన. ఈశాన్యం గోడలో మా వోళ్ళు ఒక మేకు కూడా కొట్టరు, ఏడాదికి తినేస్తాది."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా!"

"మీరు యాడ చెప్పనిచ్చినారు? నేను దానికీ అన్నా, మీరు భూమి గుండ్రం అన్నారు."

మా ఆవిడ అతని నోరు చూసి అంతా అందుకుంది. పొట్ట పట్టుకుని నవ్వింది.

నేను సిగ్గుపడ్డాను, కాని నా బుర్ర అప్పటికే వేరే దారి పట్టింది. ఈశాన్యం ఖాళీగా వదలమన్న నియమం ఈ వాన చూసే పుట్టిందా? కొంపదీసి వాస్తులో ఈ పాటి బుద్ధి ఉందా? కాసేపు ఆలోచించి కాదని తేల్చుకున్నాను. పడమటి సముద్రం ఒడ్డున పెద్ద వాన నైరుతి నుంచి కొడుతుంది. అక్కడి సిద్ధాంతులూ ఈశాన్యాన్నే ఖాళీగా వదలమంటారు. వానను చూసి రాసిన నియమమైతే అక్కడ తిరగబడాలి కదా. వాస్తు గురించి నా అభిప్రాయం మారలేదు. కాని వైర్‌మన్ చెప్పబోయింది వాస్తు కాదు. ఎందుకు అని అడగండి, ఏదీ అడగకుండా నమ్మకండి అని ఊరూరా చెప్పిన నేను, నా ఎదుట నిలబడిన మనిషిని ఎందుకు అని అడగలేదు. అతని జవాబు నాకు ముందే తెలుసని నమ్మాను. ఏ ఆధారంతో?

"ఇప్పుడు గోడలన్నీ పగలగొట్టాలా? రేపు బోగోలు ఆమె వస్తుంది," అన్నాను.

అతను మా ఆవిడ వైపు చూశాడు. ఆమె మెట్ల కిందికి నడిచి, ఆ మూత మీద వేలు పెట్టింది.

"అబ్బయా, ఇట్టాంటి రోజు కోసమే గదా ఇది పెట్టినావు?"

"నీకెట్టా తెలుసు అక్కా?"

"నువ్వు పైపులన్నీ ఈడికే తెచ్చి, ఆ మూలకి ఒకే లావు పైపు వేసినావు. అప్పుడే అనుకున్నా, ఈయన మాట మీద నీకు నమ్మకం లేదని."

ఇద్దరూ నా వైపు చూడలేదు. అతను ఆ లావు పైపులో నుంచి తీగలన్నీ ఒక్కొక్కటే మెట్ల కిందికి వెనక్కి లాగాడు. యంత్రాన్ని తుడిచి ఆరబెట్టి అక్కడ అమర్చి, చిలుం పట్టిన కొసలు కత్తిరించి కొత్తగా బిగించాడు. పైపులో ఒంటరిగా మిగిలిన నైలాన్ దారానికి ఇంటర్నెట్ తీగ కట్టి, నన్ను మెట్ల దగ్గర కూర్చోబెట్టి లాగమన్నాడు. లాగాను. గోడలో ఎక్కడో సరసరమంటూ వచ్చి, వల ముడితో సహా నా చేతిలో పడింది. ఈశాన్యం డబ్బాకు ఉత్త మూత బిగించాడు. మధ్యాహ్నానికి దీపాలు మళ్ళీ పలికాయి. కుర్చీ మాత్రం ఆమె తియ్యలేదు. రేపు చూద్దామంది.

ఆదివారం పదకొండు గంటలకు నేను ముందు గదిలో ఉన్నాను. ఆమె పెరటి వసారాలో చింతపండు పిక్కలు తీస్తోంది. వసారా దీపం రెండుసార్లు వెలిగి ఆరింది. నేను లేవలేదు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఇల్లంతా దాటి, దారికి అడ్డంగా ఉన్న కుర్చీని పక్కకు నెట్టి తలుపు తీసింది.

గుమ్మంలో స్నేహితురాలు, చేతిలో ఎండు చేపల సంచి, వేలు ఇంకా గంట మీదే.

"ఏమే, నొక్కంగానే తీసినావు? ఇంకా తలుపు కాడే కూర్చోనుండావా?"

"పెరట్లో ఉండా," అంది నా భార్య. "మళ్ళా నొక్కు, చూపిస్తా."