రెక్కలు తిరగేసిన మేస్త్రి

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి మేస్త్రి క్షిపణి తోకకి లప్పం పెట్టాడు. ఏడాదంతా షెడ్డులో మూల పడుండటంతో అతుకుల దగ్గర ప్లైవుడ్ నోళ్లు తెరిచింది. లప్పం ఆరాక గరుకు కాగితంతో రుద్ది ఆకుపచ్చ రంగు కొడితే రక్షణ ప్రదర్శనకి సిద్ధం. నాలుగేళ్లుగా అదే క్షిపణి, అదే రంగు. మొదటి ఏడాది పక్కన 'నమూనా' అని చిన్న పలక ఉండేది. రెండో ఏడాది నుంచి ఆ పలక వద్దన్నారు.

ఆయన్ని అందరూ కొలతల మేస్త్రి అంటారు. ఎవరింటికి వెళ్లినా కూర్చోబోయే ముందు కుర్చీ కాళ్లు సమంగా ఉన్నాయో లేదో చూస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లు తలుపులు, బల్లలు, ఉయ్యాలలు చేసిన చెయ్యి. ఆ చెయ్యి ఒక్కసారే తప్పింది, అదీ ఈ క్షిపణి దగ్గరే. ఆఫీసు నుంచి వచ్చిన బొమ్మ కాగితం మడత దగ్గర చెరిగిపోయి, ఏది ముక్కు వైపో ఏది తోక వైపో తెలియలేదు. ఏటవాలు అంచు ముందుకి ఉండాల్సిన నాలుగు రెక్కల్నీ వెనక్కి తిప్పి బిగించేశాడు. తొలి ప్రదర్శన అయిన మర్నాడు తప్పు తెలుసుకుని, పని ఇచ్చిన కాంట్రాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"మూడు గంటల పనండీ. విప్పి తిప్పేస్తాను."

"మంత్రిగారు దాని పక్కన నిలబడి ఫొటో దిగారు మేస్త్రీ. ఇప్పుడు తిప్పితే ఫొటో తప్పవుతుంది," అన్నాడు కాంట్రాక్టరు.

అలా ఆ రెక్కలు ఫొటోలోంచి ప్రచార పుస్తకంలోకి, పుస్తకంలోంచి టీవీలోకి ఎక్కాయి. మేస్త్రి మాత్రం ఎక్కడా నోరు విప్పనని సంతకం పెట్టాడు. ఆయన మందుగుండు పెట్టెలు చేస్తాడనే ఇంట్లో వాళ్లు అనుకుంటారు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లేసరికి టీవీలో ఆ క్షిపణి మీదే చర్చ నడుస్తోంది. సరిహద్దు కొండ మీద సిపాయిగా ఉన్న అల్లుడు సెలవు మీద వచ్చాడు. శనివారం తిరిగి వెళ్లి, అదే కొండ మీద మరో అయిదేళ్లు ఉంటానని సంతకం పెట్టాలా వద్దా తేల్చుకోవాలి. కూతురు పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అన్నం వడ్డిస్తూ తండ్రి మొహం చూస్తోంది.

"ఆ రెక్కల అమరిక చూడండి! ప్రపంచంలో ఇంకెవరికైనా తట్టిందా? మన బుర్ర, మన చెయ్యి!" అంటూ టీవీలో రిటైరైన సైన్యాధికారి బల్ల గుద్దాడు.

"మనదా పాడా! బయటి దేశం నుంచి కొట్టుకొచ్చిన డిజైను. అంతకంటే వాళ్ల దగ్గరే కొనుక్కుంటే పరువైనా దక్కుతుంది," అని ఎదురుగా కూర్చున్న కోటు వేసుకున్నాయన ఎగిరాడు. ఆయన ఏ ఆయుధాల కంపెనీ తరఫున మాట్లాడతాడో చూసేవాళ్లందరికీ తెలుసు.

మేస్త్రికి నోట్లో ముద్ద రోత పుట్టింది. తన పొరపాటుని ఒకడు నెత్తిన పెట్టుకున్నాడు, ఇంకొకడు దొంగసొత్తు అంటున్నాడు. దగ్గరికి వెళ్లి ముట్టుకుని చూసినవాడు మాత్రం ఇద్దరిలో ఒక్కడూ లేడు.

"అదేంటండీ, ఆముదం తాగినట్టు ఆ మొహం?" అంది భార్య.

"మా కొండ మీదికీ రెండొచ్చాయి మామయ్యా, పోయిన ఏడాది," అన్నాడు అల్లుడు. "అచ్చం ఇవే రెక్కలు. అవొచ్చాయి కదా అని పాత ఫిరంగులు మూడూ కిందికి దింపేశారు. ఇప్పుడు ధైర్యంగానే ఉంది. సంతకం పెట్టేద్దామనుకుంటున్నా."

పోయిన ఏడాది మేస్త్రి అవే రెక్కలతో ఇంకో రెండు చేశాడు. వేరే ఊళ్లో ప్రదర్శనకి అన్నారు. ఆయన కంచం ముందు నుంచి లేచాడు.

"చొక్కా వేసుకుని నాతో రా."

"తినే మనిషిని లేపుతారా! అల్లుడండీ అతను, మీ రంపం కాదు," అని భార్య అరుస్తూనే ఉంది.

షెడ్డు పది నిమిషాల నడక. లోపలికి తీసుకెళ్లి, "వేలితో కొట్టు," అన్నాడు మేస్త్రి. అల్లుడు కొట్టాడు. టక్కుటక్కుమంది, ఎవరింటి తలుపో కొట్టినట్టు.

అల్లుడు నవ్వేశాడు. "ఇది ప్రదర్శనకి కదా మామయ్యా. మావి వేరే అయ్యుంటాయి."

"వాటిని దగ్గరికెళ్లి చూశావా?"

"పది అడుగుల అవతల నుంచే. ముట్టుకుంటే కోర్టు మార్షలే అన్నారు."

"వానలకి తోక ఉబ్బలేదూ?"

అల్లుడు వంగి తోక అతుకులు చూశాడు. "ఒకదానికి ఉబ్బింది. అదేదో కొత్త రకం లోహం, అలాగే సాగుతుందన్నారు."

"లోహం లేదు, నా మొహం లేదు. నాసిరకం ప్లైవుడ్. మంచిది తెప్పించమన్నందుకు నేను తిట్లు తిన్నాను. ఆ రెండూ చేసింది నేనే. రెక్కలు అలా తిరగేసి బిగించే వెధవని ఈ దేశంలో నేనొక్కణ్ణే."

అల్లుడు రంపపు పొట్టు బస్తా మీద కూలబడ్డాడు. "అవతలి వాడి కళ్లు కప్పడానికి డమ్మీలు పెడతారు. అది మామూలే. కానీ మాకు చెప్పి పెడతారు. పదకొండు మందిమి మామయ్యా అక్కడ. వాటిని చూసుకునే నిద్రపోతున్నాం."

అంతలో కాంట్రాక్టరు వచ్చాడు. "బయటివాళ్లని లోపలికి తేకూడదని చెప్పానుగా మేస్త్రీ."

"మా అల్లుడు. మీరు కొండ మీదికి పంపిన రెండింటి వెనకా కాపలా ఉండేది ఇతనే."

కాంట్రాక్టరు తడబడనైనా లేదు. చేతులు జోడించాడు. "దేశం కోసం మీరు పడే కష్టం ఎవరు పడతారు బాబూ!" అని మేస్త్రి వైపు తిరిగాడు. "టీవీలో చూశావా? మనవే కావాలని జనం ఊగిపోతున్నారు. ఇంకో ఆరు చెయ్యమన్నారు."

మేస్త్రి ఆ జోడించిన చేతుల వంక చూశాడు. లప్పం డబ్బా మూత బిగించాడు.

"నేను చెయ్యను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు. బొమ్మ కాగితం ఉందిగా."

శనివారం అల్లుడు కొండ మీదికి తిరిగి వెళ్లాడు. సంతకం పెట్టనని చెప్పాడు. ఎందుకని అధికారి అడగలేదు. అతని బదులు మనిషి రావడానికి నలభై రెండు రోజులు పడుతుందని, అప్పటిదాకా కాపలా తప్పదని అన్నాడు. ఆ సాయంత్రమే అల్లుడు మిగతా పది మందినీ కూర్చోబెట్టి సంగతంతా చెప్పాడు. వాళ్లలో ఏడుగురు మరో అయిదేళ్లకి అప్పటికే సంతకాలు పెట్టేశారు.