గల్లీ అంతా విన్న ప్రార్థన

మొన్న గురువారం మధ్యాహ్నం పక్కింటావిడ కొత్త చద్దర్ దుప్పటి మడత విప్పి దులిపితే, గంజీ మగ్గం నూనే కలిసిన వాసన మా వరండా దాకా వచ్చింది. నేను చేతిలో ఉన్న కాగితం చదవడం ఆపేశాను. పొద్దున పాస్టరుగారు ఇచ్చి వెళ్లిన కాగితం అది. సంఘ పెద్దకు ఉండవలసిన గుణాలు అని పైన పెద్ద అక్షరాల్లో టైపు చేసి, కింద వరసగా నెమ్మది, ఇంటికొచ్చినవాళ్ల పట్ల ఆదరణ, నాలుక మీద అదుపు, ఇంకా ఏవేవో రాసి ఉన్నాయి. ఊరి బయట కుంభారి కాలనీలో మా తెలుగువాళ్ల సంఘం ఒక ముందుగదిలో పట్టేంత చిన్నది. దానికి నన్ను పెద్దగా ఉండమని అడిగారు, ఆదివారం లోగా జవాబు చెప్పాలన్నారు. ఆడమనిషిని అడగడమే గొప్ప అని మా ఆయన మురిసిపోయాడు. నేను మాత్రం కూర్చోలేక, నిలబడలేక, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. నాలుక అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కళ్లు వాటంతటవే పక్కకు పోయాయి.

ఆ వాసన ఊరి నడుమ జోడ్‌భావి పేట్‌లో మేము పెరిగిన గల్లీది. రెండు వైపులా పవర్‌లూమ్ షెడ్లు, మధ్య ఒక్కో గది ఇళ్లు, గోడలకు ఆనుకుని కూర్చుంటే వీపు అదిరేది, నీళ్ల బిందె పెడితే అందులో నీళ్లు సన్నగా వణికేవి, ఎండాకాలం గాలి తోలితే పత్తి నూగు ఎగిరొచ్చి ఆరబెట్టిన వడియాల మీద, మా అమ్మ పల్లీలతో చేసే శెంగాల చట్నీ మీద, చిన్నపిల్లల కనురెప్పల మీద వాలేది. నూలు అయిపోయిన ఖాళీ కండెలు పేర్చి మేము కోటలు కట్టుకునేవాళ్లం. రాఖీ పున్నానికి మార్కండేయుడి రథం వెనక గల్లీ పిల్లలతో పాటు మేమూ ఉరికేవాళ్లం, అమ్మ చూసి కూడా చూడనట్టు చాటలోని బీడీల తునికాకు వైపు తిరిగేది. క్రిస్మస్‌కు వెదురు పుల్లల నక్షత్రం కట్టి, సకినాలు, గరిజెలు చేసి గల్లీ అంతా పంచితే, బతుకమ్మ పండక్కి వాళ్ల సత్తుపిండి మా ఇంటికి వచ్చేది. చప్పుడులో బతికినవాళ్లం కాబట్టి అందరమూ అరిచే మాట్లాడేవాళ్లం. చుట్టాలింటికి పోతే, ఎందుకే పోట్లాడుతున్నరు అని అడిగేవారు.

మా సంఘానికి కాపరి యాకోబు అయ్యగారు. కాపరి అంటే తెల్ల చొక్కా, పెద్ద కుర్చీ అనుకోకండి. వారానికి ఆరు రోజులు ఆయన మా ఇంటి ఎదురు షెడ్డులోనే తువాళ్ల మగ్గం నడిపేవారు. షిఫ్టు దిగి కనుబొమల మీద నూగుతోనే ఇళ్లకు వచ్చి, ఎవరికి జ్వరం, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు అని అడిగి, మోకాళ్ల మీద ప్రార్థన చేసి పోయేవారు. షెడ్డులో పనిచేసేవాళ్లందరికీ పెదాలు చూసి మాట పోల్చుకునే అలవాటు ఉంటుంది. అయ్యగారికి అది మరీ ఎక్కువ. మనం మాట్లాడుతుంటే రెప్ప వేయకుండా మన నోటి వైపే చూసేవారు. ఇంత శ్రద్ధగా వినే మనిషి లోకంలో లేడని మా అమ్మ అనుకునేది.

మా అమ్మ రాజమ్మ బీడీలు చుట్టేది. ఆమెకు చదువు రాదు, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. శుక్రవారం ఆడవాళ్ల కూటంలో వంతుల ప్రకారం వాక్యం చదవాలి. అమ్మ వంతు వచ్చిన వారం నేను ఆ భాగాన్ని ఆరేడు సార్లు పైకి చదివేదాన్ని, ఆమె చాటలో చేతులు ఆడిస్తూనే అంతా మనసుకు ఎక్కించుకునేది. కూటంలో పుస్తకం పట్టుకుని, కళ్లు వరస వెంట కదుపుతూ, సరైన చోట పేజీ కూడా తిప్పేది. ఎక్కడ తడబడుతుందోనని నేను లోపల్లోపల ఆమెతో పాటే వాక్యం చెప్పుకునేదాన్ని. పైకి మాత్రం మా అమ్మంత బాగా చదివేవాళ్లు లేరని మురిసిపోయేదాన్ని.

నాకు పదకొండేళ్లప్పుడు, అంత బాగా చదివే రాజమ్మే కూటానికి పెద్దగా ఉండాలని ఆడవాళ్లంతా పట్టుబట్టారు. అమ్మకు అన్నం సయించలేదు. చివరికి ఒక సాయంత్రం అయ్యగారు వస్తే, తనకు అక్షరం రాదని, ఇన్నాళ్లూ పుస్తకం పట్టుకుని అబద్ధం ఆడానని గుసగుసగా చెప్పేసింది. ఆయన పెదాలు చూసి అంతా పోల్చుకున్నారు. తల ఊపి, మోకాళ్లూని, కళ్లు మూసుకుని, మగ్గాల చప్పుడుకు పైన గొంతు పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మాట్లాడుతున్నవాళ్లంతా అలవాటుగా గొంతు దించారు, అయ్యగారు దించలేదు. మగ్గం దిగినా ఒంట్లో అదురు ఆగదని ఆ పనివాళ్లు చెప్పేవారు. ఆ అదురులోనే ఉన్నారో ఏమో, ఆయనకు చప్పుడు ఆగిన సంగతే తెలియలేదు. “ప్రభువా, అక్షరం రాని ఈ నీ బిడ్డ రాజమ్మ సదివినట్టు నటించింది, మాఫీ చెయ్యి” అని ఆయన గొంతు ఆ నిశ్శబ్దంలో గల్లీ ఆ చివర నీళ్ల నల్లా దాకా వినబడింది. అమ్మ ఆయన భుజం పట్టుకుని కుదిపే లోపు అంతా అయిపోయింది.

మర్నాడు నల్లా దగ్గర ఒకావిడ, “అక్షరం రాకుండనే ఇన్ని దినాలు సదివినవా రాజక్కా, మస్తు హోషార్ ఉన్నవ్” అని నవ్వింది. అమ్మ బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. మూడు శుక్రవారాలు కూటానికి పోలేదు. అయ్యగారు వచ్చినప్పుడల్లా తలుపు మూసింది. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన సైకిల్ గాలి తీసేశాను.

నాలుగో వారం, షిఫ్టు మారే వేళ, గల్లీ అంతా బయట ఉన్నప్పుడు ఆయన వచ్చి మా మెట్టు ముందు నిలబడ్డారు.

“రాజమ్మ చెల్లే, తప్పు నాది. నాకు చెవులు ఇనరావు. ఏడాది ఐతున్నది. చెప్తే అయ్యగారి పని పోతదని దాసిన. నీ ముచ్చట గల్లి అంత ఇన్నది గద, నా మాఫీ గుడ గల్లి అంత ఇనాలె.”

ఆగకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు, అమ్మకు చదువు రాదన్న సంగతితో సహా. తలుపు ధడాలున తెరుచుకుంది.

“లోపలికి రా అయ్యగారూ. నువ్వు ఇంకోసారి మాఫీ అడిగితె నా సంగతి ఊరవుతల కుంఠా నాకా దాక తెలుస్తది.”

ఆయన ఆమె పెదాలు చూసి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఆ ఆదివారం ఆయన తన చెవుల సంగతి సంఘం ముందు కూడా చెప్పారు. చెవిటివాడు మాకెందుకని కొందరు వేరే చోటికి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు దిగిపొమ్మన్నారు. ఆయన దిగిపోయి, వెనక చాప మీద అందరితో పాటు కూర్చుని, చనిపోయేదాకా అలాగే ఇళ్లకు వస్తూ ఉన్నారు. అమ్మ కూటంలో పుస్తకం లేకుండా నిలబడి, చూడకుండా చెప్తున్నా అని చెప్పి మరీ వాక్యం చెప్పేది.

ఆ షెడ్డులో మగ్గాలు ఇప్పుడు లేవు, తుక్కు కింద అమ్మేసి బండ్లు పెట్టుకునే జాగా చేశారు. మాలాంటివాళ్లం చాలామందిమి కుంభారి వచ్చేశాం. ఇక్కడ గోడలు అదరవు, గొంతు పెంచే పని లేదు, గుసగుస చాలు. పోయినేడు శాంతమ్మ అనే ఆమె, తాగి వచ్చిన కొడుకు తన మీద చెయ్యి చేసుకున్నాడని నాకొక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. నేను బస్టాపులో నలుగురు ఆడవాళ్లకు, ప్రార్థించండి అంటూ, ఆ మాట చేరవేశాను. నా చెవులు బాగానే ఉన్నాయి, కరెంటూ పోలేదు. చెప్తుంటే నలుగురూ నా చుట్టూ దగ్గరికి జరగడం నాకు బాగుండింది. శాంతమ్మ ఆ వారం నుంచి కూటానికి రాలేదు.

శనివారం ఆ నలుగురినీ వెంటబెట్టుకుని శాంతమ్మ ఇంటికి వెళ్లాను. నువ్వు నమ్మి చెప్పుకున్న మాట బయటపెట్టింది నేనేనని, వాళ్ల ముందే చెప్పి, క్షమించమన్నాను. ఆమె గడప అవతలే నిలబడి అంతా విన్నది.

“నిన్ను పెద్దను చేస్తున్నరట గద వదినా. అందుకే వచ్చినవా?”

నలుగురూ నా వైపు చూశారు. కాదనడానికి నోరు తెరిచాను. అయ్యగారు మాఫీ అడిగి ఉన్న పని పోగొట్టుకున్నారు, నేను పని చేతికొచ్చే ముందు దారి శుభ్రం చేసుకోవడానికి వచ్చాను.

“అవును,” అన్నాను.

ఆమె తలుపు మూసుకుంది.

ఆదివారం పాస్టరుగారికి వద్దని చెప్పి కాగితం తిరిగి ఇచ్చేశాను. మా ఆయన ఇంకా మాట్లాడటం లేదు. ఇవాళ సోమవారం, ఒక్కదాన్నే మళ్లీ వచ్చి శాంతమ్మ తలుపు కొట్టాను. లోపల కుక్కర్ కూస్తున్నది, ఆమె అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు తెలుస్తూనే ఉంది. ఈసారి నాకు వచ్చేదేమీ లేదని ఆమెకు తెలియదు. మెట్టు మీద కూర్చున్నాను.