మిషన్‌లో ఏమీ లేదని చెప్పింది నేనే

ఒక చిన్న అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. చిన్నదని ఎందుకంటున్నానంటే, అది పలకడానికి నాకు పెద్దగా ఊపిరి కూడా అక్కర్లేకపోయింది. "మిషన్‌లో ఏం లేదు సార్." అంతే. అది అన్నాక టీ తాగాను, బండెక్కి ఇంటికి పోయాను, అన్నం తిన్నాను. ఆ మాట మాత్రం నాతోపాటే ఇంటికొచ్చి కూర్చుంది. ఇప్పటికీ లేవలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే సగంలోనే అడ్డుపడి, "పోనీలే, కావాలని చేసినావా ఏమన్నా" అంటారు. ఆ ఓదార్పంటే నాకు ఒళ్లు మండుతుంది. దయచేసి మీరు అలా అనకండి.

నా పేరు రాయను. పిరికితనమే, ఒప్పుకుంటాను. అతని పేరు మాత్రం రాస్తాను. ఓబులేసు. తప్పు చెయ్యనివాడి పేరు ఎందుకు దాచాలి?

కడపలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. అప్పట్లో ఊరి చివర ఒక రాళ్ల షాపులో, రాతి మీద అక్షరాలు చెక్కే మిషన్ ఉండేది. సమాధి రాళ్లు, గుడికి విరాళమిచ్చినవాళ్ల పేర్లు, అన్నిటికంటే ఎక్కువగా శంకుస్థాపనల శిలాఫలకాలు చెక్కేవాళ్లు. మిషన్‌ను నడిపేది ఒక కంప్యూటర్. అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసింది నేను, చెక్కే ప్రోగ్రాం ఎక్కించింది నేను. దాని ముందు కూర్చుని పనిచేసేది ఓబులేసు. బద్వేలు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చాడు. పని మీద ఇష్టమున్న మనిషి. ఫలకం పూర్తయ్యాక తడిగుడ్డతో తుడిచి, అందులోని పేర్లన్నీ ఒకసారి పైకి చదువుకునేవాడు, మంత్రులనైనా చచ్చిపోయినవాళ్లనైనా ఒకే గొంతుతో.

సిస్టం నిదానంగా ఉందని షాపు యజమాని గొణిగితే, నేను ఇంకో ర్యామ్ వేశాను. ర్యామ్ అంటే, పని జరుగుతున్నంతసేపూ కంప్యూటర్ తన లెక్కలన్నీ గుర్తుపెట్టుకునే చిన్న పట్టీ. నేను వేసింది కొత్తది కాదు. నా షాపులో మూలన పడేసిన పాత సిస్టంలోంచి ఊడబీకింది. పరీక్షించానా? లేదు. పెట్టగానే సిస్టం ఆన్ అయింది, అది చాలనుకున్నాను. పాతదని చెప్పానా? ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇట్లాంటి జవాబులు నా దగ్గర బోలెడున్నాయి. ఒక్కటీ పనికిరాదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోవడం మొదలైంది. ఓబులేసు ఫోన్ చేసేవాడు.

"అన్నా, మల్లా మూసుకోని పాయె. మొన్న ఫైలు తెరుస్తాంటే పాయె, నిన్న అక్షరాల సైజు మారుస్తాంటే పాయె. ఈ పొద్దయితే నేను ముట్టుకోనే లేదు. ఎండపూటే ఎక్కువ వస్తాండాది. పోయినప్పుడంతా రిపోర్టు పంపమని స్క్రీన్ మీద ఒక పెట్టె వస్తాది గదా, పంపాల్నా?"

"ఎండపూట నీకు నిద్దరొస్తాంటాదిలేప్పా, ఏదో ఒత్తుంటావు" అని నవ్వేవాణ్ణి. అతనూ నవ్వేవాడు. అయినా మళ్లీ చేసేవాడు. ఏ పని మీద ఉండగా పోయిందో, అప్పుడు మిషన్ తిరుగుతోందో లేదో, ప్రతిసారీ చెప్పేవాడు. రోగి తన నొప్పి ఎక్కడుందో అంత బాగా చెబుతుంటే నేను వైద్యుణ్ణని చెప్పుకుంటూ చెవులు మూసుకున్నాను. చివరికి విసుగొచ్చి ఒకరోజు వెళ్లి, ఆ రిపోర్టు పెట్టె ఇక రాకుండా చేసి వచ్చాను. ప్రోగ్రాం మూసుకుపోవడం ఆపలేదు. పోయిందని చెప్పే నోరు మూశాను. ఫోన్లు తగ్గాయి. నేను దాన్ని రిపేరు అనుకున్నాను.

ఇంకోటి కూడా చేశాను. ఆ ప్రోగ్రాం ఉచితంగా దొరికేది. ఎక్కడెక్కడివాళ్లో తమ తీరిక సమయంలో రాసి, లోపాలుంటే చెప్పమని ఇంటర్నెట్‌లో ఒక చోటు పెట్టారు. అక్కడ నేనూ ఒక రిపోర్టు రాశాను. రిపోర్టంటే రిపోర్టు కాదు, తిట్టు. మీ ప్రోగ్రాం పనికిమాలినది, మా రాళ్లు పాడవుతున్నాయి, అని. ఏ వెర్షనో రాయలేదు. ఏం చేస్తుంటే పోయిందో రాయలేదు. ఓబులేసు అన్ని వివరాలు చెప్పాడు కదా, వాటిలో ఒక్కటి కూడా రాయలేదు. అయినా ఎవరో ఒకాయన మర్యాదగా జవాబిచ్చాడు. ప్రతిసారీ ప్రోగ్రాంలో ఒకేచోట పోతోందా, వేర్వేరు చోట్ల పోతోందా? వేర్వేరు చోట్లయితే ముందు మీ ర్యామ్ పరీక్షించి చూడండి, అని.

నాకు తిక్క రేగింది. నేను పెట్టిన ర్యామ్‌ను అనుమానించడానికి వీడెవడు? కడప ఎండలో రెండు నిమిషాలు నిలబడలేనివాడు నాకు చెబుతాడా? జవాబివ్వకుండా ఆ పేజీ మూసేశాను. ఆ మనిషి ఎవరో, ఏ దేశంవాడో తెలియదు. ఒక పాడు యంత్రం గురించి, ముఖం తెలియని నాకోసం, ఆలోచించి రాశాడు. ఆయనను కూడా నేను అవమానించాను.

ఇక ఆ రోజు. ఒక నాయకుడి చేతుల మీదుగా మరుసటి రోజు శంకుస్థాపన. ఫలకం మీద నాయకుడి పేరు సగం చెక్కాక ప్రోగ్రాం మూసుకుపోయింది. చెక్కే బిట్టు రాతిలో దిగి ఉన్నచోటే ఆగకుండా తిరుగుతూ ఉండిపోయింది. ఓబులేసు మిషన్ ఆపే ఎర్ర బటను కొట్టేలోపు పేరు మధ్యలో గుంట పడింది. సరిగ్గా అప్పుడే ఫలకం తీసుకుపోవడానికి నాయకుడి మనిషి ఒకడు వచ్చాడు. నన్ను ఫోన్ చేసి పిలిపించారు. నేను వెళ్లేసరికి అతను రాయిని చూడ్డం మానేసి ఓబులేసును చూస్తున్నాడు.

"యా ఊరప్పా నీది?"

ఓబులేసు చెప్పాడు.

"ఆ ఊరంతా అవతలి పార్టీవోళ్లే గదా! సార్, ఇంగేం అడగాల్సిన పన్లేదు. కావాలనే మా నాయకుని పేరు మీద గుంట కొట్టినాడు."

యజమాని నావైపు తిరిగాడు. "ఏమప్పా, నువ్వు చెప్పు. మిషన్‌లో ఏమన్నా ఉండాదా, లేదంటే వీడేమన్నా చేసినాడా?"

"అన్నా, నువ్వన్నా చెప్పన్నా" అన్నాడు ఓబులేసు. "దానంతటదే పోతాండాదని ఎన్నిసార్లు ఫోన్ చేసినా నీకు!"

నేను కంప్యూటర్ వైపు చూశాను. ర్యామ్ పరీక్షించండి అన్న ఆ జవాబు, నిజంగా, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది. ఒక్క మాట. "నాకు ఒక పూట టైమివ్వండి, చూసి చెబుతా." ఇంత అంటే చాలు. అనలేదు. అంటే తర్వాతి ప్రశ్న ఆ ర్యామ్ ఎక్కడిది అని. ఆ వచ్చినవాడి కళ్లు ఓబులేసు మీద నుంచి నా మీదికి తిరుగుతాయని భయం. నాదీ ఒక ఊరు ఉంది కదా, దానికీ ఒక పార్టీ ఉంది కదా.

"మిషన్‌లో ఏం లేదు సార్" అన్నాను.

ఓబులేసు దుమ్ము పోకుండా ముక్కుకు కట్టుకున్న తుండు విప్పాడు, దులిపాడు, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇక్కడ నాకు కోపమొస్తుంది, ఎవరి మీదని అడగకండి, అందరి మీదా. ఒక ప్రోగ్రాం పోతే, అది ఎందుకు పోయిందని అడగాలా, దాని ముందు కూర్చున్నవాడిది ఏ ఊరని అడగాలా? యంత్రానికి ఓటు ఉంటుందా? ర్యామ్‌కు పార్టీ కండువా వేస్తామా? ఆ షాపులో అంతమంది ఉన్నారు, రాయి పట్టేవాళ్లు, పాలిష్ వేసేవాళ్లు, ఒక్కరికీ ఈ మాట తోచలేదా? వాళ్లకు తోచకపోవడం వేరు. నాకు తోచింది. యంత్రం తెలిసినవాణ్ణని నన్ను పిలిచారు. తెలిసినవాడే నోరు మూసుకుంటే, తెలియనివాళ్ల మీద అరవడానికి నాకేం హక్కుంది? లేదు. అయినా అరుస్తున్నాను.

అసలు దుర్మార్గం ఇంకా చెప్పలేదు. మరుసటి రోజు నేనే యజమానికి ఫోన్ చేసి, కొత్త మనిషి కూర్చోకముందు మిషన్ ఒకసారి చూసిస్తానని అడిగి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? మనస్సాక్షి అనుకుంటే మీరు నన్ను ఎక్కువ లెక్కేసినట్టు. కొత్తవాడి చేతిలోనూ ప్రోగ్రాం పోతే నా మాట అబద్ధమని తేలిపోతుంది. అందుకు వెళ్లాను.

రిపోర్టు పెట్టె రాకుండా ఆపానే గానీ, సిస్టం మాత్రం ప్రోగ్రాం పోయిన ప్రతిసారీ ఎక్కడ పోయిందో లోపల రాసుకుంటూనే ఉంది. తెరిచి చదివాను. ఒకసారి ఫైలు చదివేచోట పోయింది, ఒకసారి అక్షరాలు గీసేచోట, ఒకసారి అసలు పనేమీ లేనిచోట. ఓబులేసు ఫోన్‌లో చెప్పినట్టే, ఒకదానికొకటి సంబంధం లేకుండా. ప్రోగ్రాంలో లోపమైతే ఇన్ని చోట్ల ఉండదు. అప్పుడు ర్యామ్ పరీక్ష పెట్టాను. గది వేడెక్కేకొద్దీ స్క్రీన్ మీద తప్పులు చూపే ఎర్ర గీతలు ఒకదాని కింద ఒకటి దిగాయి. ఆ పట్టీ ఊడదీసి జేబులో వేసుకున్నాను. మంచిదొకటి, ఈసారి పరీక్షించి మరీ, పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ప్రోగ్రాం ఒక్కసారి కూడా పోలేదు.

"చూసినావాప్పా" అన్నాడు యజమాని కొన్నాళ్లకు, సంబరంగా. "వాడు పోయినాక మిషన్ ఎంత బాగ నడుస్తాండాదో!"

అర్థమైందా మీకు? నేను బాగుచేయడమే అతని మీద సాక్ష్యమైంది. అంతకుముందు అనుమానం మాత్రమే ఉండేది, నేను దాన్ని రుజువు చేసి ఇచ్చాను. ఆ మాట కడపలో ప్రతి రాళ్ల షాపుకూ చేరింది. నాయకుడి పేరు చెడగొట్టినవాడు, వాడు కూర్చుంటే మిషన్ పోతుంది, వాడు లేస్తే నడుస్తుంది. ఎవరు పనిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. నేను విన్న ప్రతిచోటా తల ఊపాను.

ఈమధ్య ఒక పని మీద బద్వేలు వెళ్లాను. బస్టాండు బయట సిమెంటు ఇటుకలు దించుతున్న లారీ దగ్గర నుంచి "అన్నా!" అని పిలుపు. ఓబులేసు. చేతులు దులుపుకుంటూ వచ్చి, వద్దన్నా వినకుండా టీ ఇప్పించాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"అన్నా, ఆ పొద్దు నేనే ఏదో ఒత్తింటానేమోన్నా" అన్నాడు, గ్లాసులోకి చూస్తూ. "ఎండకు కన్ను మూతపడిందేమో. ఎంత గుర్తు చేసుకున్నా తెలీడంలే. ఇంట్లో పిల్లోల్ల సెల్లు ముట్టుకోవాలన్నా భయమైతాది ఇప్పుడు."

నేనేం చేశానో తెలుసా? అతని భుజం మీద చెయ్యి వేశాను. "పోనీలేప్పా, అయిపోయిందేదో అయిపోయింది" అన్నాను. అతన్ని క్షమించాను. నేను, అతన్ని!

"నువ్వట్లంటే సాలన్నా" అన్నాడు. ముఖం తేటపడింది. మళ్లీ లారీ దగ్గరికి పోయాడు.

అందుకే ఇది రాస్తున్నాను. ఓబులేసు ఏమీ ఒత్తలేదు. అతనికి నిద్ర రాలేదు, కోపం లేదు, పార్టీ లేదు. పాడైన ర్యామ్ వేసింది నేను, పాడైందని తెలిశాక దాచింది నేను, అతని నోట్లో అబద్ధం పెట్టి అది నిజమని అతనిచేతే అనిపించింది నేను. ఈ సంగతి అతనికి చెప్పానా? ఇంకా లేదు. ముందు మీకు చెప్పాను, ఎందుకంటే మీరు నన్నేమీ చెయ్యలేరు. రాసేసరికి నాకు కాస్త తేలికైంది. సిగ్గులేకుండా తేలికైంది. బద్వేలులో ఆ మనిషి ఇప్పటికీ తన వేళ్లనే అనుమానిస్తున్నాడు.