కవరు మీద రాయని మాట

అక్క శుభలేఖ చదివింది. చదివి మళ్లీ కవర్లో పెట్టి, నా చేతిసంచి మీద ఉంచింది. మూలలకు మేం పూసిన పసుపు ఆమె వేళ్లకు అంటుకుంది. దాన్ని కొంగుతో తుడుచుకుంటూ అంది:

"ఇది నాకొచ్చిన కార్డురా. మా ఇంటికి రాలేదు."

నా కూతురి పెళ్లికి సొంత అక్కను పిలవడానికి వెళ్లి, ఇచ్చిన శుభలేఖ వెనక్కి తీసుకుని పటమటలో ఆ మెట్లు దిగాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

"నువ్వు మా ఇంటి మనిషివి కదక్కా. ఏదో లాంఛనానికి తెచ్చాను గానీ నీకు కార్డేంటి?" అన్నాను.

"మీ ఇంటి మనిషినైతే కార్డు తేనక్కర్లేదు. నాకు వేరే ఇల్లుందనుకుంటే ఆ ఇంటికివ్వు. ఏదో ఒకటి తేల్చుకుని రా. అప్పటిదాకా నేను రాను."

కోపంగా అనలేదు. తప్పు లెక్క చేసిన పిల్లాడికి పలక తిరిగిచ్చినట్టు ఇచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పిన మనిషి.

ఆ ఇల్లంటే నలుగురు. మా అక్క. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక క్రైస్తవ స్త్రీ, పెళ్లి చేసుకోలేదు. భర్తతో విడిపోయి బీమా ఆఫీసులో పనిచేస్తున్న ఒకావిడ, డిగ్రీ చదువుతున్న ఆవిడ కూతురు. అక్కకీ వీళ్లకీ రక్తసంబంధం లేదు, కులం ఒకటి కాదు, ఊరు ఒకటి కాదు. ఎనిమిదేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నారు.

శుభలేఖల కవర్ల మీద పేర్లన్నీ నేనే రాశాను. పత్రికలో ముప్పై అయిదేళ్లు డెస్కు మీద కూర్చున్నవాణ్ణి, పేర్లలో తప్పులు పోతే నాకు నిద్ర పట్టదు. ప్రతి కవరు మీదా పేరు, దాని కింద 'గారి కుటుంబానికి'. ఒక్కడే లాడ్జి గదిలో ఉండే మా పాత ప్రూఫ్ రీడరుకు కూడా అలవాటుగా అలాగే రాశాను. అక్క కవరు దగ్గరికి వచ్చేసరికి 'అక్కకు' అని రాసి కలం ఎత్తేశాను. మరచిపోయి కాదు. అక్కకు నా కుటుంబం కాక ఇంకో కుటుంబం ఉందని నా చేత్తో నేను రాయలేకపోయాను.

ఆ రోజు రెండో తప్పు కూడా జరిగింది. మా వైపు పిలుపంటే కార్డొక్కటే కాదు, ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టి చెప్పాలి. నా భార్య కుంకుమభరిణె మూత తీసి ఎదురుగా ఉన్న ముగ్గురినీ చూసింది. ఒకరు భర్త పోయినావిడ, ఒకరు క్రైస్తవురాలు, ఒకరు భర్తను వదిలేసినావిడ. ఎవరికి పెట్టాలో తోచక మూత మూసేసింది. నర్సుగారే నవ్వేసి, "పెట్టండి, ఫరవాలేదు. మా పాస్టరుగారికి మాత్రం చెప్పకండి" అన్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం "మీరూ తప్పకుండా రండి" అని ఆ ఇద్దరితో నోటిమాటగా అనేసి ఊరుకున్నాను. అక్క అది విన్నాకే కవరు తిప్పి చూసింది.

మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకు పద్నాలుగు. గుడివాడ దగ్గర మా ఊళ్లో కాలువ దాటి బడికి పోవాలి. బల్లకట్టు మీద నా చొక్కా కాలరు పట్టుకుని నిలబడేది. పెళ్లయి వెళ్లేదాకా ఆ పట్టు వదల్లేదు. మా అమ్మాయి పుట్టిన ఏడాదే బావగారు పోతే, పిల్లాపీచూ లేని అక్కను గవర్నర్‌పేటలో మా ఇంటికి తెచ్చుకున్నాను. పద్దెనిమిదేళ్లు మాతో ఉంది. రిటైరైన మర్నాడు, ఇడ్లీ తింటూ, పటమటలో ముగ్గురం కలిసి ఫ్లాటు తీసుకున్నాం అని చెప్పింది.

"ఇక్కడేం తక్కువైంది?" అన్నాను.

"ఏమీ కాలేదు. ఇక్కడ నేను నీ అక్కని. మీ ఆవిడకి వదినని. అమ్మాయికి అత్తని. కొన్నాళ్లు ఏమీ కాకుండా ఉంటాను."

ఏమీ కాకుండా ఉంటానన్న మనిషి అక్కడ అన్నీ అయింది. డిగ్రీ చదివే ఆ పిల్ల పెద్దమ్మా అంటుంది. బీమా ఆఫీసావిడ చనువుగా 'ఏమే' అంటుంది. నర్సుగారు అక్కా అంటారు. ఆ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు వంటింట్లోంచి "అక్కా, ఉప్పు చూడు" అన్న కేక విని నా ఒళ్లు మండింది. ఆ పిలుపు నాది. యాభై దాటినవాడు ఇలాంటిదానికి కుళ్లుకుంటాడా అని మీరు అడగవచ్చు. కుళ్లుకున్నాను.

మా ఇంట్లో బీపీ అని గోంగూర పచ్చడి ముట్టేది కాదు. అక్కడ అడిగి వేయించుకుంటుంది. మా ఇంట్లో తొమ్మిదింటికి పడుకునేది. అక్కడ పేకాడుతుంది, తొండి కూడా చేస్తుందట. పోయినేడు నాలుగు రోజులు జ్వరం వస్తే నాకు తగ్గాక తెలిసింది. "మీరు కంగారు పడతారని చెప్పలేదండీ" అన్నారు నర్సుగారు. జిల్లాలో ఏ మూల ఏం జరిగినా గంటలో నా బల్ల మీదికి వార్త వచ్చేది. బెంజ్ సర్కిల్ అవతలి నుంచి మా అక్క జ్వరం కబురు రాలేదు.

ఆ ఏడే ఆదివారం సంచికకు ఉమ్మడి కుటుంబాలు చెదిరిపోవడం గురించి ఒక వ్యాసం రాశాను. అందులో, భర్తల నీడ లేక ఒకే గూటికి చేరిన ఒంటరి మహిళలు అని ఒక వాక్యం పెట్టాను. ఎవరి గురించో నాకు తెలుసు, అక్కకూ తెలిసింది. ఫోన్ చేసింది.

"ముగ్గురం కలిసి ఉన్నాం అంటావు, మళ్లీ ఒంటరి అంటావు. నీకు లెక్కలు చెప్పింది నేనేగా, ఎక్కడ తప్పారా?"

నవ్వుతూనే అంది. వెనక మరో రెండు గొంతులు నవ్వడం వినిపించింది. ఆ వ్యాసం బాగుందని చాలామంది మెచ్చుకున్నారు. రాసింది మాత్రం ఉమ్మడి కుటుంబాల మీద బెంగతో కాదు.

శుభలేఖ వెనక్కి తెచ్చుకున్న రోజు బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో ఆగిపోయింది. నా భార్య భరిణెను చీరకొంగులో మూటగట్టుకుంటూ, "వదిన రానందని కాదు మీ ఏడుపు. అక్కడ సుఖంగా ఉందని" అంది. సిగ్నల్ పడ్డాక నేను ఆటో అబ్బాయికి ఇంటి దారి చెప్పాను.

మా అమ్మాయికి విషయం తెలిసింది. పెళ్లికూతుర్ని చేసేనాడు ముత్తయిదువే మొదట తలకు నూనె పెట్టాలని మా పెద్దవాళ్లు అంటారు. అమ్మాయి వినలేదు. "నా తల దువ్వి పెంచింది అత్త. మొదట అత్తే పెట్టాలి. అత్త ఇంటివాళ్లు పక్కనుండాలి. కవరు మార్చి ఇవ్వడం అంత కష్టమా నాన్నా?" అంది.

కష్టమే. నిన్న కొత్త కవరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పటమటకు ఫోన్ చేస్తే నర్సుగారు ఎత్తారు.

"అక్క కూరగాయలకు వెళ్లిందండీ. ఏమైనా చెప్పమంటారా?"

"ఏం లేదండీ. ఊరికే."

"పెళ్లి పనులు ఎంతవరకు వచ్చాయండీ?" అని మర్యాదగా అడిగారు. మేం వస్తున్నామని గానీ రావడంలేదని గానీ అనలేదు. నేనూ అడగలేదు.

తర్వాత కలం తీసి అక్క పేరు రాశాను. దాని పక్కన మిగతా ఇద్దరి పేర్లూ రాశాను. చేతిరాత బాగానే వచ్చింది. పేర్ల కింద 'గారల' అని రాసి ఆగాను. ఇక ఒక్క మాటే ఉంది.

ఇవాళ బుధవారం. అమ్మాయిని పెళ్లికూతుర్ని చేసేది ఆదివారం ఉదయం. కవరు మీద ఇంకా 'గారల' వరకే ఉంది.