దేవుడి అరలో పెట్టిన కవరు

మా అమ్మాయి పోయి నలభై రోజులు దాటింది. వృద్ధుల హోములో ఒక పెద్దావిడకి మధ్యాహ్నం తిండి తినిపిస్తుండగా ఆయాసం వచ్చిందట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు.

అల్లుడు వదిలేసి వెళ్లేనాటికి మనవరాలికి రెండేళ్లు. అప్పటినుంచీ ఇక్కడ అమెరికాలో ప్రభుత్వ సాయం మీదే బతికాం. నెలనెలా కొంత డబ్బు, సరుకుల కార్డు, అమ్మాయి ఉబ్బసానికి మందులిప్పించే కార్డు. షాపులో తెలుగువాళ్లు కనిపిస్తే మా అమ్మాయి బండి తోసుకుంటూ ఇంకో వరసలోకి వెళ్లిపోయేది. వాళ్లు బయటికెళ్లాకే కార్డు తీసేది. ఎలాగైనా ఆ సాయం మానుకుని తన కాళ్ల మీద నిలబడాలని దాని పట్టుదల. నాకు మోకాలు పట్టేసి పిల్లని చూసుకోలేనప్పుడు ఒక ఉద్యోగం పోయింది. సాయం ఇచ్చే ఆఫీసు వాళ్లు రమ్మన్న రోజు డ్యూటీకి వెళ్లలేదని ఇంకోటి పోయింది. "ముందు మెట్టు మీద కాలు ఆనకముందే వెనక మెట్టు లాగేస్తారమ్మా" అనేది.

హోములో పని దొరికాక దాని మొహమే మారిపోయింది. మేముండే బాతెల్ నుంచి రెండు బస్సులు మారి వెళ్లేది. ఎవరినైనా ముట్టుకునే ముందు చేతులు రెండూ రుద్ది వెచ్చ చేసుకునేది. ఇంట్లో నా మోకాలికి నూనె రాసినా అంతే. గుడిలో ఒకావిడ "మీ అమ్మాయి కూడా రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేరేనా అండీ? ఏ టీమ్?" అని నన్నడిగింది. ఇది పక్కనుంచి, "ముసలివాళ్ల టీమ్ ఆంటీ. ఎనభై దాటితేనే తీసుకుంటాం, మీకింకా టైముంది" అంది. ఆవిడ కూడా నవ్వేసింది.

పని గంటలు పెరిగాక నెలడబ్బు ఆగిపోయింది. అది సంతోషపడింది. మందుల కార్డు మాత్రం ఇంకొన్ని నెలలు ఉంటుంది, అందుకు వాళ్లు పంపే కాగితం నింపి గడువులోగా తిరిగి పంపాలి. ఆ కాగితం వచ్చిన రోజు కవరు నా చేతికే వచ్చింది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. ప్రభుత్వ ముద్ర, దాని పేరు కనబడ్డాయి. ఉద్యోగం ఖాయమైందేమో, శుక్రవారం చెబుదాం అనుకున్నాను. కుంకుమ బొట్టు పెట్టి వేంకటేశ్వరుడి పటం వెనక ఉంచాను. శుక్రవారం పిల్లకి జ్వరం. మరిచేపోయాను. నెల దాటాక అర తుడుస్తుంటే కవరు కింద పడింది. అప్పటికే కార్డు ఆగిపోయింది.

తిడుతుందనుకున్నాను. బొట్టు కేసి చూసి, "దేవుడికి ఇంగ్లీషు వచ్చేమో గానీ, ఫ్యాక్స్ చేయడం రాదమ్మా" అంది.

రోజూ లంచ్ బ్రేక్‌లో ఆ సాయం ఆఫీసుకి ఫోన్ చేసేది. ఎవరైనా ఎత్తేలోపు బ్రేక్ అయిపోయేది. "మళ్లీ మొదట్నుంచి అప్లై చేయాలట. ఈలోపు మా జాబ్ ఇన్సూరెన్స్ వచ్చేస్తుంది. మూడు నెలలేగా" అంది. పీల్చే మందు రెండుసార్లు పీల్చాల్సిన చోట ఒకసారి పీల్చి సంచిలో పెట్టేసుకునేది. నేను చూశాను. "బాగానే ఉన్నానమ్మా, నువ్వు కంగారుపడకు" అంటే ఊరుకున్నాను.

ఆ తర్వాత ఏ కవరు వచ్చినా ఇంట్లో పెట్టలేదు. సాయంత్రం బస్సు స్టాపుకి ఎదురెళ్లి చేతికిచ్చేదాన్ని. వానలో నిలబడే చింపి చూసేది. "ఇది పిజ్జా కూపన్. దీనికోసం మోకాళ్ల నొప్పితో వచ్చావా?" అని నవ్వి, నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించేది.

ఈ ఆయాసం ఎప్పుడైనా ఇలా మీదికి రావచ్చన్నాడు డాక్టరు. మా తమ్ముడూ అదే మాట చెబుతాడు. వింటాను, తలూపుతాను. తుడిచిన అరే మళ్లీ తుడుస్తాను. ఆ కాగితం ఆ రోజే దాని చేతికిచ్చి ఉంటే? ఇంకెవరి ఇంట్లోనైనా అలాంటి కవరు వస్తే శుక్రవారం దాకా ఆగకండి, అమ్మా.

మొన్న ఇంకో కవరు వచ్చింది. తడిమితే లోపల గట్టిగా ఏదో తగిలింది. మనవరాలు చదివింది. "అమ్మమ్మా, ఇది అమ్మ నేమ్. ఇన్సూరెన్స్ కార్డ్."

అరలో పెట్టబుద్ధి కాలేదు. ఎక్కడ పెట్టాలో తోచలేదు. సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాటంతటవే స్టాపుకి నడిచాయి. పిల్ల నా వెంట వచ్చింది. బస్సు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. రోజూ వచ్చే డ్రైవరే. నన్ను, నా చేతిలో కవరుని చూసి కాసేపు ఆగాడు. తర్వాత తలుపులు మూసుకున్నాయి.

పిల్ల తన చేతులు రెండూ గబగబా రుద్దుకుని, అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.