ఓనరమ్మ ఉప్పు

నాంపల్లి స్టేషన్ వెనక మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు ఎవరి వంటా నచ్చేది కాదు. ఏం పెట్టినా వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "ఉప్పు తక్కువైంది" అనేది. ఒకసారి అబిడ్స్‌లో హోటల్‌కు వెళితే, సర్వర్‌ను వెనక్కి పిలిచి మరీ చెప్పింది.

కరోనా ఎండాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. పైన ఒక్కతే ఉండేది. టిఫిన్ డబ్బా గుమ్మం ముందు పెట్టి, మెట్ల మీద నిలబడేదాన్ని. మొదటిరోజే లోపలి నుంచి, "పప్పు మంచిగుందమ్మా" అంది.

ఇన్నేళ్లలో నా వంటను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు భయమేసింది. ఈ జబ్బుకు నాలుక రుచి పోతుందని అందరూ అంటున్నారు. మర్నాడు కావాలనే ఉప్పు వేయలేదు.

"ఎట్లుందమ్మా?"

"మస్తుగుంది."

కిందికొచ్చి మా ఆయనకు చెప్పాను. "తిడితే ఏడుస్తవు, మెచ్చుకున్నా ఏడుస్తవా?" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ ఉప్పు లేని పప్పే తీసుకెళ్లాను. ఆమె రోజూ మెచ్చుకుంది. నేను రోజూ దిగులుగా మెట్లు దిగాను.

ఒక మధ్యాహ్నం తలుపు సగం తెరుచుకుంది. మాస్కు గడ్డం కిందికి లాగి, గట్టిగా అరిచింది.

"ఏందమ్మా, నీ ఇంట్ల ఉప్పుకు గూడ లాక్‌డౌన్ పెట్టిన్రా?"

"మర్చిపోయినమ్మా, రేపు ఏస్త" అన్నాను. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది.

మర్నాడు నేనే రుచి చూసి, సరిగ్గా వేసి తీసుకెళ్లాను. ఆమె వేలితో కాస్త తీసుకుని కళ్లు మూసుకుంది.

"ఎక్కువైంది" అంది.